కొండ దిగే దేవుడు, చెట్టెక్కే జనం

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా ఉంది దేవరగట్టు. విజయదశమి నాటి అర్ధరాత్రి కొండమీది గుడిలో మాళమ్మకూ మల్లేశ్వరస్వామికీ కల్యాణం జరుగుతుంది. అది ముగియగానే ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు విగ్రహాల చుట్టూ వలయం కట్టి నడుస్తారు. అరికెర, సుళువాయి, ఎళ్ళార్తి, విరుపాపురం వంటి ఊళ్లవాళ్లు వాటిని తమ వైపు లాక్కోవాలని మీద పడతారు. ఒక చేతిలో దివిటీ, ఇంకో చేతిలో నిలువెత్తు కర్ర, చాలా కర్రల కొసలకు ఇనుప పొన్నులు. ‘డుర్ర్ గోపరాక్’ అన్న కేకల మధ్య తలలు పగులుతాయి. నెత్తురు కారే చోట ఇంత పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో కలిసిపోయేవాళ్లు ఉంటారు. తెల్లారేసరికి ఆ రాత్రి అంతా ఫోన్లలో హైదరాబాద్ ఖాజాగూడ అపార్ట్‌మెంట్ల దాకా వచ్చేస్తుంది. దాన్ని చూసి ‘ఇదేం ఆటవికం, నిషేధించరేం?’ అనేవాళ్లు కొందరు, ‘తరతరాల ఆచారం, ముట్టుకోవద్దు’ అనేవాళ్లు కొందరు. చూడటానికి ఉప్పూ నిప్పూలా ఉన్నా, ఈ ఆచారం ఎప్పుడూ ఇలాగే ఉందన్న నమ్మకం మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఉంటే మొత్తం ఉండాలి, పోతే మొత్తం పోవాలని ఇద్దరూ అనుకోవడం అందుకే. ఆ నమ్మకం నిలవదు. పైగా ఆ రాత్రి ప్రమాదం కొట్టుకునేవాళ్లది మాత్రమే కాదు, చూడటానికి వచ్చేవాళ్లది కూడా.

మొదటి సాక్ష్యం స్థలపురాణమే. మణి, మల్లుడనే రాక్షసులను శివుడు ఇక్కడే చంపాడంటారు. చచ్చే ముందు వాళ్లు ఏటా నరబలి కావాలని అడిగారట, బలి కుదరదు, పిడికెడు రక్తం ఇస్తామన్నది దేవుడి వైపు మాటట. విగ్రహాలు కొండ దిగి రక్షపడ అనే చోటికి చేరాక, ఈ దేవుడి సేవకుడైన గొరవయ్య తన తొడ కోసి నాలుగు చుక్కల నెత్తురు ధారపోస్తాడు. అంటే నరబలి పిడికెడు నెత్తురుకు, పిడికెడు నాలుగు చుక్కలకు తగ్గిన వైనాన్ని ఏటా వేలమంది ఎదుట మళ్లీ జరిపించే పండగ ఇది. ఇంతకన్నా స్పష్టంగా మార్పును ఒప్పుకున్న ఆచారం మరొకటి వెతకాలి. ‘కామా కూడా మార్చకూడదు’ అనేవాళ్లు ముందు ఆ గొరవయ్య తొడకేసి చూడాలి.

రెండో సాక్ష్యం దేవుడే. మణిమల్లులను చంపిన దేవుడు ఒక్క దేవరగట్టు సొత్తు కాదు. మహారాష్ట్ర జెజూరిలో ఖండోబా కథ ఇదే, కర్ణాటకలో మైలారలింగడి కథ ఇదే. తెలంగాణలో కొమురవెల్లి, ఐనవోలు మల్లన్నలదీ ఈ కుటుంబమే. జెజూరిలో కొండ మెట్లన్నీ పసుపచ్చగా మారేదాకా భండారమనే పసుపు చల్లుకుంటారు. మైలారంలో గొరవప్ప పొడవాటి విల్లు మీదికెక్కి కార్ణికం అనే జోస్యం పలుకుతాడు. కొమురవెల్లిలో ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో పట్నాలు వేస్తారు, అగ్నిగుండాలు తొక్కుతారు. దేవరగట్టులోనూ తెల్లవారుజామున భవిష్యవాణి వినిపిస్తారు. పసుపు, జోస్యం, నిప్పు, కాస్త నెత్తురు ఈ దేవుడి వెంట ఊరూరా తిరిగాయి. కర్ర తిరగలేదు. కాబట్టి కర్రల సమరం లేకపోతే దేవుడికి లోటన్న వాదన ఆ దేవుడి మిగతా గుళ్ల ముందు చెల్లదు.

మరి కర్ర ఎక్కడిది? ఒకప్పుడు ఇదంతా చిట్టడవి, అడవి జంతువుల భయానికి కర్రలు, చీకటికి దివిటీలు తెచ్చుకునేవాళ్లు, తోపులాటలో తగిలే దెబ్బలే తప్ప ఇది కొట్లాట కాదు అని స్థానికులు చెబుతారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ జంతువులు పోయాక కర్ర ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మిగిలింది హక్కు కోసమని నా లెక్క. ఉత్సవ విగ్రహాలు ఉండేది నెరణికిలో, పండక్కి అక్కడి నుంచే కొండకొస్తాయి. దేవుడు ఎవరి ఊళ్లో ఉంటే ఆ ఊరికి మర్యాద. ఈ ఆలూరు, ఆదోని సీమ 1953 దాకా బళ్ళారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిసింది. ఇలా జిల్లా మారినా, రాష్ట్రం మారినా దేవుడి మీద ఏ ఊరి హక్కు ఎంత అన్నది ఏ కచేరీ కాగితం మీదా తేలదు. ఏడాదికొకసారి చీకట్లో, కొండ దారిలో తేల్చుకోవాల్సిందే. అలాంటి పోటీకి హద్దులు పెట్టేది ఒకరినొకరు ఎరిగి ఉండటమే. ఫలానా వాడి కర్ర తగిలిందని తెలిస్తే తెల్లారాక ఆ ఊరు జవాబు చెప్పాలి. ఎటు చూసినా కొత్త మొహాలే ఉంటే ఆ జవాబుదారీ ఉండదు, పాత కక్షలకు చీకటి తోడవుతుంది.

ఇక్కడ ఇంగ్లండు ముచ్చట ఒకటి పనికొస్తుంది. గ్లాస్టర్‌షైర్‌లో బ్రాక్‌వర్త్ దగ్గర కూపర్స్ హిల్ అనే నిటారైన కొండ ఉంది. ఏటా మే నెలాఖరులో దాని మీద నుంచి మూడు నాలుగు కిలోల జున్ను చక్రాన్ని దొర్లించి, దాని వెనక మనుషులు పరుగెత్తుతారు. పరుగు అనడం మర్యాదకే. 180 మీటర్ల వాలు మీద రెండడుగులు వేశాక పల్టీలే. కింద రగ్బీ ఆటగాళ్లు వరసగా నిలబడి, దొర్లివచ్చేవాళ్లను ఒడిసి పట్టుకుంటారు. ముందుగా కొండ దిగినవాడికి ఆ జున్నే బహుమానం. దీని గురించి దొరికిన తొలి రాత 1826 నాటిది. అప్పటికే అది పాత ఆచారం. రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన రేషన్ కాలంలో జున్ను దొరక్క, చెక్క చక్రంలో ఓ చిన్న జున్నుముక్క పెట్టి దొర్లించారు. జున్ను తయారుచేసే 86 ఏళ్ల డయానా స్మార్ట్‌ను, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత నీదేనని పోలీసులు హెచ్చరించాక, 2013లో నురగతో చేసిన తేలికపాటి చక్రాన్ని వాడారు. జున్ను పోయినా పరుగు పోలేదు. 1997లో ఒకే రోజు 33 మంది గాయపడితే మరుసటి ఏడు పోటీ ఆపారు, ఆ తర్వాత మళ్లీ మొదలైంది. కానీ 2010లో అధికారిక పోటీకి తాళం వేయించింది పల్టీలు కాదు, అంతకుముందు ఏడాది ఆ ఇరుకు కొండ చుట్టూ చేరిన 15,000 మంది జనం. చూసేవాళ్లే పోటీని మింగేశారు. తర్వాత ఊరివాళ్లు అధికారిక నిర్వాహకులెవరూ లేకుండా తామే నడుపుకుంటున్నారు.

దేవరగట్టుకు వచ్చే జనం ఆ 15,000కు ఎన్నో రెట్లు. 2023లో ప్రాణాలు పోయిన తీరు గుర్తుచేసుకోవాలి. సమరం బాగా కనబడాలని చెట్టెక్కి కూర్చున్నవాళ్ల బరువుకు కొమ్మ విరిగి మీద పడింది. అది కర్ర చేసిన చావు కాదు. మరి పోలీసులు ఏటా చేసేదేమిటి? ఊరూరా సభలు పెట్టి నచ్చజెబుతారు, కర్రలు లాక్కుంటారు, నాటుసారా పట్టుకుంటారు, సీసీ కెమెరాలు బిగిస్తారు, కొండ కింద తాత్కాలిక ఆసుపత్రి తెరుస్తారు. 2020లో కరోనా పేరుతో ఏకంగా ఆంక్షలే పెట్టారు. అయినా జనం వచ్చారు, కర్రలు లేచాయి. మధ్యప్రదేశ్‌లో రాళ్లు రువ్వుకునే పాంఢుర్నా గోట్‌మార్ మేళాలో రాళ్లకు బదులు రబ్బరు బంతులు ఇచ్చి చూస్తే, వాటిని పక్కన పడేసి మళ్లీ రాళ్లే అందుకున్నారు. పూర్తి నిషేధమూ నిలవదు: 2014లో సుప్రీంకోర్టు ఆపిన జల్లికట్టు, 2017లో తమిళనాడు చట్టసవరణతో తిరిగొచ్చింది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. తిరిగొచ్చినప్పుడు కంచెలు, వైద్య పరీక్షలు, పేర్ల నమోదు వెంట తెచ్చుకుంది.

కర్ర దెబ్బను చిన్నది చేసి చూపుతున్నారని ఎవరైనా నిలదీయవచ్చు. ఏటా పదుల సంఖ్యలో తలలకు కుట్లు పడుతున్న మాట నిజం, వాటిలో ఎక్కువ కర్రవే. దాన్ని కాదనడం లేదు. అయితే పెద్దవాడు తెలిసి ఎదుర్కొనే ప్రమాదాన్ని మనం అన్నిచోట్లా నేరం అనం. ఖాజాగూడ గుట్టల మీద ఆదివారం పొద్దున రాళ్లెక్కే కుర్రాళ్లను చూసి ముచ్చటపడతాం, వాళ్లు తాడు కట్టుకుంటారు గనక. తాడు అంటే ప్రమాదం రద్దయిందని కాదు, దానికో కొలత ఏర్పడిందని. దేవరగట్టులో కొలత లేకుండా పోయింది తలపడేవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లకు, వాళ్ల పిల్లలకు. వాళ్లు ఏ మొక్కూ మొక్కలేదు, ఏ హక్కూ తేల్చుకోవడం లేదు, ఊరికే చూడవచ్చారు. దేవుడు నడిచే దారికి ఇటూ అటూ కంచె వేసి వాళ్లను దూరం జరిపితే, చెట్ల కింద కాపలా పెడితే, దారి పొడుగునా దీపాలు వేస్తే ఆచారంలో ఒక్క మంత్రమైనా తగ్గదు. వెలుతురు పడితే కర్ర ఎవరిదో కూడా తెలుస్తుంది.

ఊళ్ల చేతిలో ఉన్నది ఇంకొకటుంది. సమరానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట పెద్దలు పాలు ముట్టుకుని, కక్షలు మరిచి కలిసికట్టుగా ఉత్సవం జరుపుతామని పాలబాస చేస్తారు. ఒక పక్షం మాత్రమే చేసే ప్రమాణం అది. విగ్రహాల కోసం ఎదురొచ్చే ఊళ్లు కూడా అదే పాత్ర మీద చెయ్యి వేయడానికి పురాణం అడ్డు రాదు, పోలీసు ఉత్తర్వూ అక్కర్లేదు. రెండు పక్షాల పెద్దలు దసరాకు ముందు ఒకచోట కూర్చుంటే చాలు.