మిహిర భోజుడు ఎవరివాడు?

2021 సెప్టెంబరు 22న, ఢిల్లీకి కూతవేటు దూరంలోని దాద్రిలో, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఒక విగ్రహాన్ని ఆవిష్కరించారు. 9వ శతాబ్దిలో కన్నోజ్ నుంచి ఏలిన ప్రతిహార చక్రవర్తి మిహిర భోజుడిది. విగ్రహంతో ఎవరికీ పేచీ లేదు. గొడవంతా శిలాఫలకం మీది ‘గుర్జర్’ అన్న మాటతోనే. అది ఉండకూడదని రాజపుత్ర సంఘాలు, ఉండి తీరాలని గుజ్జర్లు (గుర్జర్లు) పట్టుబట్టారు.

ఇంతకీ ఆ రాజు ఏమని చెప్పుకున్నాడు? గ్వాలియర్ ప్రశస్తి శాసనం ఆ వంశాన్ని లక్ష్మణుడికి ముడిపెట్టింది. అన్నగారి వాకిలి కాచాడు గనుక ప్రతిహారుడట! నాణేల మీదేమో ‘ఆదివరాహ’ అన్న బిరుదు. వాళ్లను గుర్జరులన్నది శత్రువులైన రాష్ట్రకూటులు.

అసలు చిక్కు రాజోర్ శాసనం దగ్గర వస్తుంది. ఇది నేటి ఎన్‌సీఆర్‌లోని అల్వర్ జిల్లాలోనే దొరికింది. 10వ శతాబ్దిలో దాన్ని వేయించిన మథనదేవుడు తనది గుర్జర ప్రతిహార వంశమన్నాడు. అదే శాసనంలో పొలాలు సాగుచేసే గుర్జరులూ కనిపిస్తారు. 20వ శతాబ్ది ఆరంభంలో డి.ఆర్. భండార్కర్ గుర్జర అంటే జాతి అని వాదించారు. కాదు, ప్రాంతమన్నారు కె.ఎం. మున్షీ. పండితుల వాదం అక్కడే ఆగితే పోలీసు బందోబస్తు అవసరమయ్యేది కాదు.

కానీ మధ్యలో 1857 ఉంది. ఆ తిరుగుబాటులో దాద్రి చుట్టుపక్కల గుజ్జర్లు బ్రిటిషువారిని ఎదిరించారు. ఫలితంగా సర్కారు దస్తరాల్లో దొంగల కులమన్న ముద్ర మిగిలింది. స్వాతంత్ర్యం తర్వాత రిజర్వేషన్లు వచ్చాయి. ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీలలో వారు ఓబీసీలు, జమ్మూకశ్మీర్‌లో షెడ్యూల్డు తెగ. రాజస్థాన్‌లో ఏళ్ల తరబడి రైళ్లు ఆపాక, 2019 చట్టం వారితో పాటు మరికొన్ని కులాలకు 5 శాతం కోటా ఇచ్చింది. చట్టం ముందు వెనకబాటు చూపాలి, ఊళ్లో చక్రవర్తి వారసత్వం చాటాలి. ఈ రెండూ ఒకే సమాజానికి ఒకేసారి అవసరమవడంలో వింతేమీ లేదు. రాయలవారు మావాడంటే మావాడని పోటీపడే తెలుగువాళ్లకు ఇది చెప్పాలా?

దాద్రిలో ఆ మాటను కప్పేయగానే గుజ్జర్లు మహాపంచాయతీ పెట్టారు. గ్వాలియర్‌లోని మిహిర భోజుడి విగ్రహంపై ఇలాంటి వివాదమే మధ్యప్రదేశ్ హైకోర్టుకెక్కింది. 2023లో హర్యానాలోని కైథల్‌లో మళ్లీ అదే గొడవ. అదీ పంజాబ్, హర్యానా హైకోర్టుకే చేరింది.