నేరాంగీకారము – పోలీసు నిర్బంధము

నేరము చేసినట్లు నిందితుడు తన నోట తానొప్పుకొనుట నేరాంగీకారము. ఇతరుల ప్రేరణ లేక చేయబడిన యంగీకారమును అనేక దేశముల న్యాయశాస్త్రములు బలీయమైన సాక్ష్యముగ స్వీకరించుచుండగా, భారతదేశమున మాత్రము పోలీసు అధికారి యెదుట చేసిన యొప్పుకోలు, అది యెంత సవిస్తరముగ నున్నను, ఎంత సహజముగ తోచినను, ఒప్పుకొనినవానిపై రుజువుగ చెల్లదు. తాను జీతమిచ్చి నియమించిన రక్షకభటుడు తెచ్చిన మాటను తన న్యాయాధిపతి నమ్మరాదని ప్రభుత్వమే శాసించిన యీ విధానమునకు మూలము చెన్నపురి రాజధాని (మద్రాసు ప్రెసిడెన్సీ) యందలి పల్లెలలో, అందును విశేషించి రైతులు పడిన బాధలలో, వెదకవలసి యున్నది.

సర్ థామస్ మన్రో ఆధిపత్యమున పనిచేసిన న్యాయసంస్కరణ సంఘము సూచనల ననుసరించి వెలువడిన 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను, తాలూకాలో శిస్తు వసూలు చేయు తహసీలుదారునే పోలీసునకును పెద్దను చేసెను. గ్రామములందు అనాదిగ నున్న మునసబు, తలారి వ్యవస్థను నిలుపుకొని, తక్కువ వ్యయముతో దేశమున శాంతి నెలకొల్పవలెనన్నది మన్రో యుద్దేశము. ఆ యుద్దేశము మంచిదే కాని, దాని వలన జమాబందీ లెక్క పూర్తి చేయవలసినవాడును దొంగను పట్టవలసినవాడును ఒక్కడే యయ్యెను. కిస్తు చెల్లింపలేని రైతును తెచ్చి నిలబెట్టు బంట్రోతే దొంగతనము జరిగిననాడు అనుమానితుని తెచ్చి నిలబెట్టుచుండెను. డబ్బు రాబట్టుటకు నేర్చిన పద్ధతులే నేరము నొప్పించుటకును వినియోగపడెను. వీనిలో మిక్కిలి ప్రచారమున నున్నది కిట్టి. రెండు కొయ్యపలకల నడుమ చేతివ్రేళ్లనుగాని, శరీరమున మరియే సుకుమారభాగమునుగాని యుంచి, బాధ సహింపరానిదగువరకు నొక్కుట దీని విధము. మెడకును కాలి బొటనవ్రేళ్లకును త్రాటితోగాని, బాధితుని యుత్తరీయముతోనే గాని, బంధము వేసి, మనిషిని రెండుగ వంచి, ఎండలో గంటల తరబడి నిలుపుట, ఒక్కొక్కప్పుడు వీపుపై రాయి పెట్టుట మరియొక విధము. కన్నులలో మిరపపొడి చల్లుటయు కలదు. బాధితుడు ఫిర్యాదు చేయదలచినచో, ఆ బంట్రోతునకు యజమానియగు తహసీలుదారు నొద్దకే పోవలెను. దొరవారికి అర్జీ పెట్టుకొనినను, అది విచారణ నిమిత్తము తరచుగ ఆ కచేరీకే తిరిగి వచ్చుచుండెను.

ఈ దుస్థితిని సముద్రములకావల వినిపించినవాడు చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868). ఆయన 1844లో 'క్రెసెంటు' పత్రికను స్థాపించెను; 1852లో చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును నెలకొల్పి, ఈస్టిండియా కంపెనీ పాలనలోని లోపములను గూర్చి బ్రిటిషు పార్లమెంటునకు విజ్ఞాపనల నంపెను. పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమరు 1853లో ఇచ్చటికి వచ్చినపుడు, ఆయనను జిల్లాలలో త్రిప్పి, రైతుల నోటనే వారి గోడును వినిపించెను. 1854 జులైలో కామన్సు సభలో ఈ విషయము చర్చకు వచ్చినపుడు, చిత్రహింసలన్నవి కట్టుకథలని కొట్టివేయుట కంపెనీ పక్షమువారికి సాధ్యము కాకపోయెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో చెన్నపురి ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో విచారణ సంఘమును నియమించెను. వారు నగర ప్రధాన మేజిస్ట్రేటగు ఎలియటు, సివిలు ఉద్యోగియగు స్టోక్సు, బారిస్టరగు జాన్ బ్రూస్ నార్టను. తొలుత శిస్తు వసూలునకు సంబంధించిన హింసను మాత్రమే విచారింపవలసిన యీ సంఘమునకు, పిదప పోలీసులు నేరము లొప్పించుటకై పెట్టు హింసయు విచారణాంశముగ చేర్చబడెను. రెంటికిని సాధనములొక్కటే, చేతులొక్కటే యగుటచే, ఒకదానిని విడిచి మరియొకదానిని విచారించుట ఎటులను పొసగెడిది కాదు.

సంఘము చెన్నపట్టణమున కూర్చుండి ఫిర్యాదులను స్వీకరించెను. రైలు మార్గములు లేని యాకాలమున, అల్పమైన గడువులో, 519 మంది స్వయముగ వచ్చి చెప్పుకొనగా 1,440 ఫిర్యాదులు ఉత్తరముల మూలమున చేరి, మొత్తము 1,959 అయ్యెను. వచ్చినవారు తిరిగి ఆ తహసీలుదారుని యేలుబడిలోనే బ్రతుకవలసినవారని స్మరించినచో, ఈ సంఖ్యలోని సాహసము బోధపడును. 1855లో సమర్పింపబడిన నివేదిక, హింస రాజధాని యంతటను వాడుకలో నున్నదనియు, శిస్తు వసూలునకును నేరాంగీకారము రాబట్టుటకును గూడ అది ప్రయోగింపబడుచున్నదనియు నిర్ధారించి, రెవెన్యూ, పోలీసు అధికారములను వేరుపరుపవలెనని సూచించెను. అయితే ఐరోపీయ ఉద్యోగులకు దీనితో ప్రమేయము లేదని ఆ నివేదికయే వారిని నిర్దోషులుగ తేల్చినది. ఈ తీర్పు ఉదారమైనదేకాని న్యాయమైనదని చెప్పజాలము. కిస్తు బకాయి లేకుండ వసూలు కావలెనని పైనుండి ఒత్తిడి చేయుచు, అది వసూలైన విధమును అడుగకుండుటయు ఒక ప్రమేయమే. కార్ల్ మార్క్సు 1857లో అమెరికాలోని 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూను' పత్రికలో ఈ నివేదికను చర్చించి, తిరుగుబాటు చేసిన సిపాయీల క్రౌర్యమును మాత్రమే యెంచుచున్న ఇంగ్లీషువారికి దీనిని చూపెను.

నివేదిక ఫలితముగ 1859వ సంవత్సరపు 24వ చట్టము చెన్నపురి రాజధానిలో ప్రత్యేక పోలీసు శాఖను నెలకొల్పెను. 1860 నాటి అఖిల భారత పోలీసు సంఘము సూచనలపై 1861వ సంవత్సరపు 5వ చట్టము ఆ పద్ధతిని దేశమున వ్యాపింపజేసెను. తహసీలుదారు చేతినుండి లాఠీ తొలగెను. కాని 1857 తిరుగుబాటు ముగిసిన వెనువెంటనే రచింపబడిన యీ చట్టమునకు ప్రజల విశ్వాసము కంటె ప్రభుత్వ భద్రతయే ముఖ్యమయ్యెను. నిర్బంధములో నున్నవానిని అకారణముగ హింసించిన పోలీసునకు దీని 29వ విభాగమున విధింపదగిన శిక్ష, మూడు నెలల జీతమునకు మించని జరిమానాగాని, మూడు నెలలకు మించని ఖైదుగాని, లేక రెండును గాని మాత్రమే. 1860 నాటి శిక్షాస్మృతి యింతకంటె గట్టిగ నిలిచి, నేరాంగీకారమునకై గాయపరచుటను 330, 331 విభాగములలో ప్రత్యేక నేరములుగ పేర్కొని, ఉదాహరణముగ పోలీసు అధికారినే చూపెను.

అసలైన మార్పు సాక్ష్య విధానమున వచ్చెను. హింసించినవానిని శిక్షించుట కష్టమైనచో, హింసవలన లాభమే లేకుండ చేయుట మేలని శాసనకర్తలు తలచిరి. పోలీసు నెదుట చేసిన యొప్పుకోలు చెల్లదను నియమము మొదట 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో చేరెను. అచ్చటినుండి ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెను రచించిన 1872 నాటి సాక్ష్య చట్టమున 25, 26 విభాగములుగ స్థిరపడెను. పోలీసు నిర్బంధములో నున్నవాడు మరియెవ్వరి యెదుట ఒప్పుకొనినను, మేజిస్ట్రేటు సమక్షమున నైననే తప్ప అది చెల్లదు. అయితే 27వ విభాగము ఒక ద్వారమును తెరచియుంచెను. నిందితుడు చెప్పిన మాటవలన ఏదేని వస్తువో విషయమో బయల్పడినచో, దానికి స్పష్టముగ సంబంధించినంత భాగము సాక్ష్యముగ చెల్లును.

ఈ ద్వారము వెడల్పెంతయో తేల్చిన తీర్పు గుంటూరు జిల్లా కేసులో వెలువడెను. పులుకూరి కోటయ్య కేసుగ న్యాయవాదులెల్ల నెరిగిన యీ వ్యాజ్యమున, గ్రామకక్షలలో జరిగిన హత్యలకు సెషన్సు కోర్టు విధించిన శిక్షలపై అప్పీలు చెన్నపట్టణ హైకోర్టును దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను. సర్ జాన్ బోమాంటు 1946 డిసెంబరులో తీర్పు చెప్పెను. నిందితులలో నొకడు పోలీసులకిచ్చిన వాఙ్మూలమున, చెరువు మూల ప్రతిపక్షమువారికై తాము పొంచియుండుట, వారిని కొట్టి చంపుట, పిదప ఈటెను కఱ్ఱను గ్రామములోని గడ్డివామిలో దాచుట, వచ్చినచో చూపెదననుట వరుసగ నున్నవి. ఇందులో వామిలో దాచితిననుటయు చూపెదననుటయు మాత్రమే చెల్లుననియు, పొంచి చంపిన కథ యంతయు త్రోసివేయవలసినదనియు కౌన్సిలు నిర్ణయించెను. బయల్పడినది ఈటె కాదు. ఈటె యున్న తావును, ఆ తావు నిందితునకు తెలిసియుండుటయు. ఈటెతో హత్య జరిగినదని వేరు సాక్ష్యముచే నిరూపింపవలెను. నేటికిని దేశమందలి ప్రతి న్యాయస్థానమును ఈ సూత్రమునే అనుసరించుచున్నది.

సూత్రము సూక్ష్మమైనది, ఆచరణ అంత శుద్ధమైనది కాదు. చెల్లునది 'రికవరీ', అనగా వస్తువు బయల్పడుటయే యగుటచే, దర్యాప్తు ప్రయత్నమంతయు దానిపై కేంద్రీకృతమయ్యెను. కత్తి దొరకిన పిదప దానిని చూపినట్లు వాఙ్మూలము వ్రాయుటయు, మధ్యవర్తుల నివేదికపై అలవాటుగ వచ్చు సాక్షులచేతనే సంతకములు పెట్టించుటయు, ఆ సాక్షులు కోర్టులో ఎదురుతిరుగుటయు నేరవిచారణలతో పరిచయము గలవారికి క్రొత్తవి కావు. నిందితుని నోరు తెరిపించు నవసరమును తొలగింపదలచిన శాసనము, ఆ యవసరమును మరియొక రూపమున మిగిల్చినది. ఈ చరిత్ర యంతటను ఇదియే కీలకమని యీ రచయిత యభిప్రాయము.

1902లో సర్ ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన నియమింపబడిన సంఘము, పోలీసు శాఖ సమర్థము కాదనియు, శిక్షణ కొఱవడినదనియు, లంచగొండితనమునకును ప్రజాపీడనమునకును పేరుపడినదనియు నిర్మొగమాటముగ వ్రాసెను. సబ్‌ఇన్‌స్పెక్టర్ల ప్రత్యక్ష నియామకము, నేర పరిశోధక శాఖల స్థాపనము దాని ఫలితములు. కానిస్టేబులు స్థితి మాత్రము చాలవరకు మునుపటివలెనే యుండెను.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగపు 20వ అధికరణము, తనపై తాను సాక్ష్యము చెప్పవలసిన నిర్బంధమునుండి నిందితుని రక్షించెను. 22వ అధికరణము, పట్టుబడినవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట హాజరు పరుపవలెనని విధించెను. ఇవి కాగితమున నుండగనే, 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు ఠాణాలో ఒక స్త్రీపై అత్యాచారము జరిగినదనియు, ఆమె భర్తయగు రిక్షా కార్మికుడు పోలీసుల దెబ్బలకు చనిపోయెననియు వార్త వ్యాపించి, నగరము అట్టుడికెను, కాల్పులు జరిగెను. జస్టిస్ ముక్తదరు విచారణ సంఘము పోలీసులను దోషులుగ నిర్ధారించినను, కర్ణాటకమందలి రాయచూరునకు బదిలీయైన కేసులో వారు విడుదలైరి. విచారణ సంఘము నమ్మిన విషయమును నేరవిచారణలో రుజువు చేయుట యెంత కష్టమో ఈ ఉదంతము తెలుగువారికి తెలిపినది. నాలుగు గోడల నడుమ జరిగినదానికి సాక్షులు తోటి పోలీసులే కదా.

ఆ సంవత్సరముననే నందినీ శతపథి కేసులో జస్టిస్ కృష్ణయ్యరు, మౌనము వహించు హక్కు పోలీసు విచారణ దశలోనే ఆరంభమగునని తీర్పు చెప్పెను. 1977లో ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు సంఘము 1981 నాటికి ఎనిమిది నివేదికలు సమర్పించెను. మొదటి నివేదికలోనే అది కానిస్టేబులు జీవితమును, పోలీసులపై వచ్చు ఫిర్యాదుల విచారణను తడవెను; రెండింటికిని గల సంబంధము ఆలోచింపదగినది. వేళాపాళ లేక పనిచేసి, సెలవు దొరకక, పై యధికారిచే నలుగురిలో తిట్లు తిని, 'కేసు తేల్చుము' అను నాజ్ఞతో సెల్లులోనికి పంపబడినవాడు, శాస్త్రీయ సాధనము చేతిలో లేనపుడు చేతినే సాధనముగ చేసికొనును. ఇది క్షమింపదగినదని కాదు. కారణమును తొలగింపనిదే కార్యము తొలగదని.

పిమ్మట సర్వోన్నత న్యాయస్థానము ముందునకు వచ్చెను. 1993లో నీలబతి బెహరా కేసున, పోలీసులు తీసికొనిపోయిన మరునాడు రైలు పట్టాలపై శవమై కనబడిన యువకుని తల్లి వ్రాసిన లేఖనే అర్జీగ స్వీకరించి, లక్షన్నర రూపాయల పరిహారము ప్రభుత్వముచే ఇప్పించెను. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో పదునొకండు నియమములు విధించెను. అరెస్టు చేయువారు తమ పేరు గల చీటీ ధరింపవలెను. అరెస్టు పత్రముపై బంధువుగాని ఆ ప్రాంతపు గౌరవనీయుడుగాని సాక్షిగ సంతకము చేయవలెను. నిర్బంధములో ప్రతి నలువదియెనిమిది గంటలకు వైద్యపరీక్ష జరుగవలెను. 2006 సెప్టెంబరు 22న, విశ్రాంత పోలీసు డైరెక్టరు జనరలగు ప్రకాశసింగు వేసిన వ్యాజ్యమున, పోలీసులపై ఫిర్యాదుల విచారణకు రాష్ట్రమునను జిల్లాలలోను విశ్రాంత న్యాయమూర్తుల ఆధిపత్యమున ప్రాధికార సంస్థలు ఏర్పరుపవలెనని ఆజ్ఞాపించెను. 2010లో మత్తుమందు నిచ్చి ప్రశ్నించు నార్కో పరీక్షలను నిందితుని సమ్మతి లేక జరుపరాదని పలికెను. 2020 డిసెంబరులో ప్రతి ఠాణాలోను సి.సి. కెమెరాలు పెట్టవలెనని శాసించెను.

ఈ కాలముననే శాసనకర్తలు వెనుకకును నడచిరి. 1987 నాటి ఉగ్రవాద నిరోధక చట్టమగు టాడా, ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి నెదుట చేసిన నేరాంగీకారమును చెల్లునట్లు చేసెను. కర్తార్‌సింగు కేసులో 1994లో సర్వోన్నత న్యాయస్థానమున అధికసంఖ్యాకులు దానిని సమర్థించిరి. 1995లో ఆ చట్టము గడువు తీరగా, 2002లో పోటా అను మరియొక ఉగ్రవాద నిరోధక చట్టము అదే మినహాయింపుతో వచ్చి, 2004లో రద్దయ్యెను. నిర్బంధములో నున్నవాని శరీరమున గాయములు కనబడినచో, అవి పోలీసులు చేసినవని న్యాయస్థానము ఊహింపవచ్చునని 1985లో లా కమిషను 113వ నివేదికయందు చేసిన సూచన చట్టము కాలేదు. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసెనుగాని, దానిని ధ్రువీకరింపలేదు. 2010లో లోకసభ ఆమోదించిన చిత్రహింసల నివారణ బిల్లు రాజ్యసభలో సెలెక్టు కమిటీకి పోయి, చట్టము గాకయే మురిగిపోయెను.

2024 జులై 1 నుండి సాక్ష్య చట్టమునకు మారుగ భారతీయ సాక్ష్య అధినియమము అమలున నున్నది. పాత 25, 26, 27 విభాగములు మూడును అందు 23వ విభాగమున ఒక్కచోట చేర్చబడినవి. నిషేధమును దాని మినహాయింపును సారమున మారక, పక్కపక్కనే యున్నవి.