ఒరల పునాదులు - వడ్డెరల విద్య

మదరాసు ఎగ్మూరునందలి సెంట్ ఆండ్రూస్ చర్చి 1818-1821 సంవత్సరముల నడుమ నిర్మింపబడినది. నిర్మాత మేజర్ థామస్ డి హావిలాండ్. చూడవచ్చువారి దృష్టి పదునాఱు స్తంభములపై నిలిచిన గుమ్మటమునందే చిక్కుకొనును. అసలు విశేషము నేలక్రింద నున్నది. వానలకు నీరు నిలుచు మెత్తని నేలలో అంత భారము క్రుంగకుండుటకై సుమారు 150 బావులను దింపి వానిపై గోడలు లేపిరి. కొన్నిటి లోతు 14 అడుగులు, కొన్నిటిది 50 అడుగుల వఱకును కలదు. సీమనుండి వచ్చిన ఇంజనీరు ఇచ్చటి నేలకు ఇచ్చటి ఉపాయమునే చేపట్టుట గమనింపదగినది.

ఒర యన నేమో తెలుగు పల్లెలలో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇటుకతో గాని కాల్చిన మంటితో గాని చేసిన వలయమును నేలపై నిలిపి, లోపలి మన్నును తోడుచు పోయినచో అది తన బరువుచేతనే దిగును. పైన వలయములు చేర్చుచు గట్టిపొర తగులువఱకు దింపి, కడుపును రాతితోను సున్నముతోను నింపుదురు. కష్టమంతయు నిలువు తప్పకుండ కాపాడుటయందే కలదు. ఒక ప్రక్క మన్ను ఎక్కువ తీసిన ఒర ఒరగును; ఒరిగినదానిని సరిదిద్దుట క్రొత్తదానిని దింపుటకంటె ప్రయాస. రాజమహేంద్రవరమున 1900లో తెఱచిన హేవలాక్ రైలువంతెన స్తంభములును బావి పునాదులపైననే నిలిచినవి.

ఇట్టి పనులకు దక్షిణాపథమున పేరొందినవారు వడ్డెరలు. రాళ్లు కొట్టుట, బావులు త్రవ్వుట, చెఱువుగట్లు వేయుట వీరి వృత్తులని థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. రాతిపని వారు, మంటిపని వారు అని వీరిలో రెండు తెగలు. కన్నడదేశమున భోవులనియు, తమిళనాట ఒట్టర్లు, బోయర్లనియు, మహారాష్ట్రమున వడార్లనియు వీరిని పిలుతురు. పేర్లు మాఱినను అనేక కుటుంబములలో ఇంటిమాట తెలుగే. కిర్కు బావులను వీరే దింపిరనుట సాహసము. కాని అట్టి పని నెఱిగిన చేతులలో వీరివి ముందు వరుసలోనివి. లెక్కల పుస్తకములు వీరిని కూలివారనును. ఒరను నిలువున దింపుట కూలి కాదు, విద్య.

నల్లరేగడి వేఱు చిక్కు తెచ్చును. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వాఱును. దీనికై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల దశకమునుండి అడుగున ఉబ్బెత్తు గల కంబపు పునాదులను రూపొందించినది. ఉబ్బెత్తు అడ్డుకొలత కాడకు సామాన్యముగ రెండున్నర రెట్లు. ఉబ్బు నేల కాడను పైకి లాగును, ఉబ్బెత్తు క్రిందికి పట్టుకొనును. ఈ రెంటి నడుమ కాంక్రీటు సాగలేక చీలును గనుక నిలువు ఇనుపకడ్డీలు కాడ పొడవునను ఉండవలెను. పైభాగమునకు మాత్రమే కడ్డీలు వేసి పొదుపు చేయువారు ఈ సంగతిని మఱచుచున్నారు.

నేడు మఱ తిప్పి దింపు కంబములు వచ్చినవి. ఇవి మన్నును వెలికి తీయక ప్రక్కలకు నొక్కును. వదులైన ఇసుక అందుచే గట్టిపడి భారమును మోయును. మఱను పైకి తీయుచు దాని బోలు కాడగుండ కాంక్రీటు పోయుదురు. పలుచోట్ల కడ్డీల పంజరమును తడి కాంక్రీటులోనికి తరువాత దింపుదురు. కావున పంజరము వంగని బిగువుతోను, చుట్టును కాంక్రీటు కప్పు మిగులునట్లును ఉండవలెను. నీరు పట్టిన మెత్తని బంకమన్నులో ఆ నొక్కుడు నేలను పైకి లేపి ప్రక్కయింటి గోడను బీటలు వాఱించవచ్చును. ఒరలో తోడిన మన్ను గట్టున పడును. ఇందులో అది పొరుగువాని క్రిందికి పోవును.