పాట జేబులోకి వచ్చిన దారి

జేబులో పట్టే సంగీత పరికరాన్ని చూసి, బేరమాడి, ఎంచుకుని కొనుక్కునే అవకాశం మనిషికి 1954 చివర్లో వచ్చింది. అంతకుముందు కూడా చేత్తో మోసుకెళ్ళే రేడియోలు ఉండేవి. కానీ గాజు వాల్వులతో నడిచే ఆ పెట్టెలకు బరువైన బ్యాటరీలు కావాలి, అవి కూడా త్వరగా అయిపోయేవి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ వాల్వు పనిని చేసే ట్రాన్సిస్టర్‌ను పనిచేయించి చూపడంతో ఈ బాధకు విరుగుడు దొరికింది. వారిద్దరికీ, వారి బృందాన్ని నడిపిన విలియం షాక్లీకీ కలిపి 1956లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇండియానాపోలిస్‌కు చెందిన రీజెన్సీ కలిసి తెచ్చిన టీఆర్-1 రేడియోలో నాలుగే ట్రాన్సిస్టర్లు, ధర 49.95 డాలర్లు. బల్లమీది రేడియో పక్కన పెడితే దాని గొంతు పీలగా ఉండేది. అయినా లక్షకు పైగా అమ్ముడయ్యాయి. ధ్వని తగ్గినా ఫరవాలేదు, వెంట వస్తే చాలని జనం ఆనాడే తేల్చి చెప్పారు. ఆ తర్వాతి ఎన్నో పరికరాల గెలుపోటములు ఈ ఒక్క తీర్పు మీదే నడిచాయి.

జనం ఇచ్చిన ఈ తీర్పును ముందుగా పసిగట్టినవారు టోక్యోలో ఉన్నారు. మసారు ఇబుకా, అకియో మొరిటా 1946లో పెట్టిన చిన్న కంపెనీ 1957లో టీఆర్-63 అనే రేడియోను జేబులో పట్టేదని ప్రచారం చేసి అమ్మింది. నిజానికి అది మామూలు చొక్కా జేబుకు కాస్త పెద్దదే. అందుకని అమ్మేవాళ్ళకు కొంచెం పెద్ద జేబులున్న చొక్కాలు కుట్టించామని మొరిటా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే కంపెనీ సోనీ అని పేరు మార్చుకుంది.

మన దగ్గర పరికరం పేరు మొత్తంగా ట్రాన్సిస్టరే అయిపోయింది. తోలు సంచీలో భుజానికి తగిలించుకుని పొలానికి తీసుకెళ్ళే ఆ పెట్టెకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సివచ్చేది. 1980లలో ఆ పద్ధతి పూర్తిగా పోయింది. కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు సూటిగా ఉండేవి: ఎన్ని బ్యాండ్లు, ఎన్ని సెల్లులు, విజయవాడ స్టేషను రాత్రిపూట కూడా గరగర లేకుండా పలుకుతుందా? ఆ ప్రశ్నల్లో మంచి అవగాహన ఉంది. షార్ట్‌వేవ్ బ్యాండ్ ఉంటే దూరదేశాల స్టేషన్లు కూడా దొరుకుతాయి, సెల్లులు తక్కువైతే నెలవారీ ఖర్చు తగ్గుతుంది.

రేడియో ఏది వినిపిస్తే అదే వినాలి. కోరిన పాటను కోరినప్పుడు వినే స్వేచ్ఛ క్యాసెట్టుతో వచ్చింది. నెదర్లాండ్స్ కంపెనీ ఫిలిప్స్‌కు బెల్జియంలోని హాసెల్ట్‌లో ఒక కర్మాగారం ఉండేది. అక్కడ కొత్త ఉత్పత్తుల విభాగాన్ని లూ ఒటెన్స్ నడిపేవాడు. రీళ్ళ టేపురికార్డరుతో తంటాలు పడీ పడీ విసిగిన ఆయన, తన కోటు జేబులో పట్టే కొలతకు ఒక చెక్కముక్క కోయించుకున్నాడు. పరికరం ఇంత ఉండాలి, లోపల ఏముండాలో మీరే చూసుకోండి అన్నది ఇంజినీర్లకు ఆయనిచ్చిన లెక్క. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్టు బయటికొచ్చింది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల నడక. ధ్వని విషయంలో రీళ్ళ టేపుకు ఇది సాటిరాదు. ఫిలిప్స్ ఈ రూపకల్పనను ఇతర కంపెనీలకు రుసుము లేకుండా ఇచ్చేయడంతో ప్రపంచమంతా ఒకే కొలత నిలబడింది. ఏ ఊళ్ళో కొన్న క్యాసెట్టైనా ఏ ఊరి టేపురికార్డరులోనైనా తిరిగింది. ఈ ఔదార్యానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

క్యాసెట్టు మన నేల మీద చేసిన పని చాలా పెద్దది. గ్రామఫోను రికార్డు కొనగలిగినవాళ్ళు కొద్దిమందే. 1980లలో టీ-సిరీస్ వంటి కంపెనీలు ధరలు దించేశాక పాట ప్రతి బజారుకూ చేరింది. ఘంటసాల భగవద్గీత తెల్లవారుజామున గుడి మైకుల్లో మోగింది. పెద్ద రికార్డింగు కంపెనీలు పట్టించుకోని జానపదాలు, ఒగ్గుకథలు, హరికథలు చిన్న చిన్న కంపెనీల క్యాసెట్లలో ఊరూరా తిరిగాయి. గద్దర్ పాటలు సభల నుంచి ఇళ్ళకు చేరిన దారుల్లో క్యాసెట్టు కూడా ఒకటి. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కోనసీమ, కడప, కరీంనగర్ వాళ్ళు సెలవులకు వస్తూ తెచ్చిన, రేడియో టేపురికార్డరు కలిసిన టూ-ఇన్-వన్‌లు ఎన్నో ఇళ్ళలో గూట్లో గౌరవస్థానం పొందాయి.

క్యాసెట్టు ఎంపికలో కూడా ఓ విద్య ఉండేది. కాగితం మీద ఇరవై పాటలు రాసి దుకాణంలో ఇస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టు చాలా, తొంభైది కావాలా అన్నది మొదటి ప్రశ్న. అదే డబ్బాలో ఎక్కువ టేపు పట్టాలంటే దాన్ని పలచన చేయాలి. నూట ఇరవై నిమిషాల క్యాసెట్టులో టేపు మందం సుమారు తొమ్మిది మైక్రాన్లే (మైక్రాను అంటే మీటరులో పది లక్షల వంతు). అది సాగేది, రోలరుకు చుట్టుకుపోయేది. తెలిసినవాళ్ళు అందుకే అరవైకే ఓటేసేవారు. బయటికొచ్చిన టేపును షట్కోణపు పెన్సిలును పంటిచక్రంలో దూర్చి మెల్లగా చుట్టేవారు. పాట మసకబారితే దూదిని స్పిరిట్‌లో తడిపి హెడ్డును తుడిచేవారు. గోధుమరంగు మరక దూదికి అంటాక గొంతు మళ్ళీ తేటపడేది.

క్యాసెట్టును వెంట తీసుకెళ్ళేలా 1979 జులై 1న సోనీ నుంచి జపాన్‌లో వచ్చిన వాక్‌మన్‌కు ధర 33,000 యెన్లు. విమాన ప్రయాణాల్లో స్టీరియో సంగీతం వినడానికి చిన్న పరికరం కావాలని ఇబుకా అడగడంతో, విలేకరులు వాడే ప్రెస్‌మన్ అనే చిన్న టేపురికార్డరును కొజో ఓసొనే బృందం మార్చింది. దాంట్లోంచి రికార్డింగు తీసేశారు, స్పీకరు తీసేశారు. ఆ చోట స్టీరియో యాంప్లిఫయరు పెట్టి, 50 గ్రాముల లోపు తూగే హెడ్‌ఫోన్లు జతచేశారు. రికార్డు చేయలేని టేపురికార్డరును ఎవరు కొంటారని అమ్మకందారులు పెదవి విరిచారు. మొదట తయారుచేసినవి 30,000. జులైలో సుమారు 3,000 పోయాయి. కంపెనీ యువ ఉద్యోగులు టోక్యో వీధుల్లో, రైళ్ళలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతూ దారినపోయేవాళ్ళ చెవులకు పెట్టి వినిపించారు. ఆగస్టు చివరికల్లా సరుకు అయిపోయింది.

ఆ మొదటి నమూనాలో హెడ్‌ఫోను రంధ్రాలు రెండు, నారింజరంగు మీట ఒకటి ఉండేవి. ఒంటరిగా వినడం పక్కవాళ్ళకు మర్యాదగా అనిపించదని మొరిటా భావించాడు. ఇంట్లో తను వింటుంటే భార్య నొచ్చుకుందని కూడా రాశాడు. ఇద్దరు వినడానికి రెండు రంధ్రాలు, వింటూనే మాట్లాడుకోవడానికి మీట పెట్టించాడు. మీట నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా ఎదుటి మాట వినిపిస్తుంది. కొన్నవాళ్ళు మాత్రం ఎవరిది వాళ్ళు పెట్టుకున్నారు, తర్వాతి నమూనాల్లో ఆ మీట లేదు. నడుముకు కట్టుకునే ఇలాంటి పరికరానికే ఆండ్రియాస్ పావెల్ అనే ఆవిష్కర్త 1977లో ఇటలీలో పేటెంటు కోరాడు. ఏళ్ళ తరబడి సాగిన న్యాయపోరాటం తర్వాత 2004లో సోనీ ఆయనతో రాజీకి వచ్చింది. క్యాసెట్టు వాక్‌మన్ తయారీని జపాన్‌లో 2010లో ఆపేసేనాటికి దాదాపు 20 కోట్లు తయారయ్యాయి.

మధ్యలో సీడీ వచ్చింది. 1984లో వచ్చిన సోనీ డీ-50 చేతిలో పట్టింది గానీ నడిస్తే పాట తప్పిపోయేది. 1992 నాటి మినీడిస్క్ జపాన్ దాటి పెద్దగా వేళ్ళూనలేదు.

బ్యాటరీ విషయంలో కొనేవాడి తీర్పు ఎంత గట్టిదో చెప్పడానికి చేతి వీడియో గేముల రంగాన్ని చూడాలి. 1989లో నింటెండో తెచ్చిన గేమ్‌బాయ్ తెర పచ్చగా, మసకగా, రంగుల్లేకుండా ఉండేది. మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్‌గేర్‌కు వెలిగే రంగుల తెర. కానీ అది ఆరు సెల్లులను మూడు నుంచి ఐదు గంటల్లో ఖాళీ చేసేది. గేమ్‌బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా ఆడేది. రంగుల గేమ్‌బాయ్‌తో కలిపి లెక్కిస్తే 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్‌గేర్ దాని దరిదాపులకు రాలేదు.

సీడీలో ఒక నిమిషం పాటకు సుమారు పది మెగాబైట్ల చోటు కావాలి. దాన్ని పదకొండో వంతుకు కుదించే విధానాన్ని జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు రూపొందించారు. వారిలో ముఖ్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్. పెళ్ళిపందిట్లో డోలు మోగుతుంటే పక్కవాడి గుసగుస చెవికెక్కదు. అలా చెవి ఎటూ పట్టుకోలేని ధ్వనులను వదిలేసి, మిగిలినవాటినే దాచడం ఇందులోని కిటుకు. వాద్యాలు లేకుండా సుజాన్ వేగా పాడిన ఓ ఆంగ్ల గీతాన్ని బ్రాండెన్‌బుర్గ్ పదేపదే విని లోపాలు సరిదిద్దాడు. ఒంటరి గొంతులో చిన్న మచ్చ పడినా తెలిసిపోతుంది మరి. 1995 జులైలో ఈ ఫైళ్ళకు ఎంపీ3 అన్న పేరు స్థిరపడింది.

1998లో దక్షిణ కొరియా నుంచి ఎంపీమ్యాన్, అమెరికా నుంచి డైమండ్ రియో వచ్చాయి. రెండింటిలోనూ 32 మెగాబైట్లే, అంటే అరగంట పాట. రియోపై రికార్డింగు కంపెనీలు కోర్టుకెక్కాయి. తను కొన్న పాటను తన పరికరంలోకి మార్చుకోవడం వ్యక్తిగత వినియోగమేనని 1999 జూన్‌లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. ఈ తీర్పు రాకుంటే తర్వాతి కథ ఇంత సాఫీగా నడిచేది కాదు.

2000లో క్రియేటివ్ కంపెనీ నోమాడ్ జ్యూక్‌బాక్స్‌లో ఆరు గిగాబైట్లు ఇచ్చింది. 2001 అక్టోబరు 23న యాపిల్ చూపిన ఐపాడ్‌లో ఐదే, ధర 399 డాలర్లు, అదీ మ్యాక్ కంప్యూటరుతోనే పనిచేసేది. కాగితం మీద చూస్తే ఐపాడ్ ఓడాలి. కానీ నోమాడ్‌లో ల్యాప్‌టాప్ డిస్కు ఉంది, దాని ఆకారం సీడీ ప్లేయరంత. అది నిండాలంటే గంటలు పట్టేది. ఐపాడ్‌లో తోషిబా తయారుచేసిన 1.8 అంగుళాల డిస్కు ఉంది, బరువు 185 గ్రాములు. ఫైర్‌వైర్ తీగతో వెయ్యి పాటలు పది నిమిషాల్లో ఎక్కేవి. బొటనవేలితో చక్రం తిప్పితే కావలసిన పాట దొరికేది. ఎన్ని పాటలు పడతాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఎంత తేలిగ్గా ఎక్కుతాయి, ఎంత తేలిగ్గా దొరుకుతాయి అన్నవీ అంతే ముఖ్యమని ఐపాడ్ రుజువు చేసింది.

ఐపాడ్‌కు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచకూడదు. పరికరం కొన్నవాడు బ్యాటరీని మార్చుకోలేడు. ఏడాదిన్నర, రెండేళ్ళకు ఛార్జి నిలవక జనం గొడవచేశారు, కోర్టుకెళ్ళారు. 2003 చివర్లో కంపెనీ బ్యాటరీ మార్పిడికి ధర ప్రకటించింది, 2005లో కేసు రాజీతో ముగిసింది. ఆ తర్వాత ఫోను అన్నింటినీ మింగేసింది. 2022 మేలో ఐపాడ్ తయారీ ఆగింది. అంతకు ముందే మన ఊళ్ళలో కీప్యాడ్ ఫోన్ల మెమరీ కార్డులు సెల్‌పాయింట్లలో పాటలు ఎక్కించుకుని వాక్‌మన్ పనిని చేసేశాయి. 2017లో సంగీత కంపెనీ సరిగమ తెచ్చిన కారవాన్ పాత రేడియో ఆకారంలో వేల పాటలతో వచ్చి, తెలుగు పాటలతోనూ దొరికింది. ఫోను తెరతో కుస్తీ పట్టలేని పెద్దవాళ్ళకు మీట నొక్కితే పాడే పెట్టెను మించింది లేదు.

ఇప్పుడు విడిగా ప్లేయరు కొనదలచినవారు పెట్టె మీది అంకెల కంటే వాడుకను చూడాలి. నాణ్యమైన ఫైళ్ళ కోసం వేలు పోసి బ్లూటూత్‌లో వింటే డబ్బు వృథా. బ్లూటూత్‌లో మెరుగైన పద్ధతిగా పేరున్న ఎల్‌డాక్ సెకనుకు గరిష్ఠంగా 990 కిలోబిట్లు మోస్తుంది, మామూలు సీడీకే 1,411 కావాలి. తీగ హెడ్‌ఫోను రంధ్రం, మెమరీ కార్డు పెట్టే చోటు, ధ్వని నష్టపోకుండా కుదించిన ఫ్లాక్ ఫైళ్ళు పలికే గుణం ఉన్నవే మేలు. కార్డు నమ్మకమైన చోటే కొనాలి. నకిలీ కార్డులు 512 జీబీ అని చూపిస్తాయి, లోపల దానిలో పిసరంతే ఉంటుంది. నిండాక పాత పాటల మీదే కొత్తవి రాసేస్తాయి. ధ్వని పెంచేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గుర్తుంచుకోవాలి: 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 దగ్గర నాలుగు గంటలు మాత్రమే.

అన్నింటికంటే ముందు చూడాల్సింది బ్యాటరీ. లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగులకే బలం తగ్గుతుంది, పరికరంలోని మిగతా భాగాలు మాత్రం పదేళ్ళు పనిచేయగలవు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చేతి పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు పోను, వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర అలాంటి నిబంధన వచ్చేదాకా, బ్యాటరీ ఎవరు మారుస్తారు, ఎంత అవుతుంది, ఎన్నేళ్ళు దొరుకుతుంది అని దుకాణంలో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.