నైసియా విశ్వాస ప్రమాణం

నైసియా విశ్వాస ప్రమాణం యేసుక్రీస్తు దైవత్వం మీద 4వ శతాబ్దంలో చెలరేగిన వాదం నుంచి పుట్టిన క్రైస్తవ ప్రకటన. దాని తొలి పాఠాన్ని సా.శ. 325లో నైసియా నగరంలో (నేటి తుర్కియేలోని ఇజ్నిక్) కూడిన బిషప్పులు ఆమోదించారు. నేడు ఆరాధనల్లో చెప్పేది ఆ పాఠం కాదు. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పేరుతో నిలిచిన, అంతకన్నా పెద్ద పాఠం అది. ఈ రెండు సభల మధ్య గడిచిన 56 ఏళ్లలోనే అసలు పోరాటమంతా జరిగింది.

క్రీస్తును ఆరాధించడం ఈ వాదం కన్నా ఎంతో పాతది. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు చిన్న ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తున్నారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. నైసియా ఉన్నది ఆ బితూనియలోనే. కాబట్టి క్రీస్తును 325లో ఓట్లు వేసి దేవుణ్ణి చేశారన్న ప్రచారానికి ఆధారం లేదు. దేవుడు ఒక్కడేనని నమ్ముతూ క్రీస్తుకు మొక్కడం ఎలా పొసగుతుందన్నదే మొదటి నుంచీ వేధించిన ప్రశ్న. యేసు దేవుడు దత్తత తీసుకున్న మనిషి అని రోమాలో థియోడోటస్ బోధించాడు. తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకే దేవుడు ధరించిన మూడు రూపాలన్న బోధకు సబెల్లియస్ పేరు స్థిరపడింది. క్రీస్తుది నిజమైన దేహం కాదు, మానవదేహంలా కనిపించిన ఛాయ మాత్రమేనన్నవారూ ఉన్నారు. కుమారుడు అనాదిగా తండ్రి నుంచి జనిస్తూనే ఉన్నాడని చెప్పిన ఓరిగెన్ కూడా ఆయనను తండ్రికి ఒక మెట్టు కిందే నిలిపాడు. తర్వాతి కాలంలో ఇరుపక్షాలూ ఓరిగెన్ నుంచే బలం తెచ్చుకున్నాయి.

అప్పటికి విశ్వాస ప్రమాణాలు లేకపోలేదు. అవి బాప్తిస్మంతో ముడిపడినవి. నీటిలో నిలిచిన వ్యక్తిని తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల గురించి మూడు ప్రశ్నలు అడిగేవారు, ప్రతిదానికీ నమ్ముతున్నానని అతను బదులిచ్చేవాడు. రోమా సంఘంలో ఇలా వాడుకలోకి వచ్చిన పాఠమే పెరిగి అపొస్తలుల విశ్వాస ప్రమాణమైంది. దాన్ని అపొస్తలులే తలా ఒక వాక్యం చొప్పున చెప్పారన్నది తర్వాత అల్లిన కథ. కొత్త విశ్వాసి నోట పలికించే ఇలాంటి మాటలు బిషప్పుల బోధను తూచే తక్కెడగా మారిన మలుపు నైసియా.

318 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలోని బౌకాలిస్ దేవాలయ గురువు ఏరియస్ తన బిషప్పు అలెగ్జాండర్‌ను ఎదిరించాడు. దేనినుంచీ పుట్టనివాడు తండ్రి ఒక్కడే, కుమారుడు సృష్టికి ముందే ఉన్నా, సృష్టి ఆయన ద్వారానే జరిగినా, ఆయనా కలిగించబడినవాడే, ఆయన లేని స్థితి ఒకటి ఉండేది — ఇదీ ఏరియస్ వాదం. జ్ఞానాన్ని దేవుడు కలిగించాడని చెప్పే సామెతల గ్రంథం 8వ అధ్యాయం, తండ్రి తనకన్నా గొప్పవాడని యేసు చెప్పిన యోహాను సువార్త 14వ అధ్యాయం అతనికి ఆధారాలు. ఏరియస్ క్రీస్తును తృణీకరించినవాడు కాదు. దేవుని ఏకత్వానికి భంగం కలగకూడదన్నదే అతని ఆరాటం. తన బోధను ‘థాలియా’ అనే పద్యరచనగా కూర్చాడు. నావికులకూ తిరగలి పనివారికీ పాటలు కట్టాడని చరిత్రకారుడు ఫిలోస్టోర్జియస్ రాశాడు. అలెగ్జాండర్ జవాబు సూటిగా ఉంది: బిడ్డ లేకుండా ఎవరూ తండ్రి కారు, తండ్రి అనాది అయితే కుమారుడూ అనాదే.

324లో రోమా సామ్రాజ్యమంతా చేజిక్కించుకున్న చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఈ తగవును చిన్న విషయంగా తీసుకుని, సర్దుకోమని కోర్డోవా బిషప్పు హోసియస్‌తో ఉత్తరం పంపాడు. ఫలితం లేకపోవడంతో నైసియాలో సభ పిలిపించాడు. హాజరైన బిషప్పులు 250కి పైగా అని సభలో పాల్గొన్న కైసరయ యూసేబియస్ రాశాడు. తర్వాత స్థిరపడిన 318 అనే సంఖ్య అబ్రాహాము సేవకుల లెక్కను తలపించేది. సభ ఈస్టర్ తేదీని చర్చించింది, 20 నియమాలు చేసింది. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో అక్కడ తేల్చలేదు.

లేఖనాల్లోని ఏ మాట పెట్టినా ఏరియస్ పక్షం తమ అర్థంలో ఒప్పుకునేలా ఉండటంతో, సభ బైబిల్లో లేని గ్రీకు మాటను ఎంచుకుంది: ‘హోమోఊసియోస్’, అంటే తండ్రితో ఏకతత్వం గలవాడు. ఈ మాటకు మచ్చ ఉంది. 268లో అంతియొకయలో సమొసటా పౌలును ఖండించిన సభ దీన్ని తోసిపుచ్చింది. సబెల్లియస్ బోధకు దారి తీస్తుందేమోనన్న భయం చాలామందిని వదల్లేదు. చివరికి ప్రమాణంపై సంతకం చేయనివారు లిబియాకు చెందిన ఇద్దరు బిషప్పులు, సెకుండస్, థియోనాస్. ఏరియస్‌తో పాటు వారినీ దేశాంతరం పంపారు.

సంతకాలతో మనసులు కలవలేదు. కాన్‌స్టాంటైన్ కొన్నేళ్లకే ఏరియస్ పట్ల మెత్తబడ్డాడు. 337లో మరణశయ్యపై ఆయనకు బాప్తిస్మమిచ్చింది ఏరియస్ మిత్రుడైన నికోమీడియా యూసేబియసే. 328లో అలెగ్జాండ్రియా బిషప్పయిన అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసానికి వెళ్లి, సుమారు 17 ఏళ్లు అక్కడే గడిపాడు. కుమారుడు సృష్టి అయితే క్రైస్తవులు సృష్టికి మొక్కుతున్నట్టే, సృష్టి పేరున బాప్తిస్మం పొందుతున్నట్టే, సృష్టి తోటి సృష్టిని దేవునితో కలపజాలదు — ఇది అతని వాదన. నైసియా పక్షం నిలబడింది చక్రవర్తి అండ వల్ల మాత్రమే కాదు, ఈ వాదనకున్న బలం వల్ల కూడా. అండ చాలాకాలం ఎదుటిపక్షానికే ఉండేది.

చక్రవర్తి రెండవ కాన్‌స్టాంటియస్ హయాంలో ప్రమాణం మీద ప్రమాణం వెలువడింది. 357లో సిర్మియం ప్రకటన ‘తత్వం’ అన్న మాటే వాడవద్దంది. ఏటియస్ అనుచరులు కుమారుడు తండ్రిని పోలినవాడు కాడన్నారు. అన్సైరా బాసిల్ వర్గం ‘హోమోయిఊసియోస్’, అంటే తండ్రి తత్వాన్ని పోలినవాడు అంది. ఒక్క అక్షరం కోసం కొట్టుకున్నారని ఆక్షేపించడం సులువే. కానీ అదే కావడం వేరు, దాన్ని పోలడం వేరు. ఆ అక్షరం మోసింది ఆ తేడానే.

ముడి విప్పింది భాష. 362లో అతనాసియస్ అలెగ్జాండ్రియాలో జరిపిన సభ, వేరు మాటలు వాడేవారి నమ్మకం ఒకటే కావచ్చని ఒప్పుకుంది. తర్వాత కప్పదొకియకు చెందిన బాసిల్, నాజియాంజస్ గ్రెగరీ, నిస్సా గ్రెగరీ ఒకే తత్వం, ముగ్గురు వ్యక్తులు అన్న పదజాలాన్ని స్థిరపరిచారు. పరిశుద్ధాత్మ దైవత్వమూ చర్చకు వచ్చింది. 325 పాఠంలో ఆత్మ గురించి ఉన్నది నమ్ముతున్నామన్న మాట ఒక్కటే. 381లో చక్రవర్తి థియోడోసియస్ పిలిచిన సభకు సుమారు 150 మంది బిషప్పులు వచ్చారు. జీవమిచ్చే ప్రభువుగా ఆత్మను స్తుతించే భాగం ఆ సభ పేరున్న పాఠంలోనిది. ఆ పాఠాన్ని బహిరంగంగా చదివిన తొలి దాఖలా 451 నాటి కాల్సిడాన్ సభలోనే కనిపిస్తుంది.

ఏరియస్ పక్షపు విశ్వాసం గోతు తెగల్లో చాలాకాలం బతికింది. వారి భాషలోకి బైబిలును అనువదించిన ఉల్ఫిలాస్ ఆ పక్షంవాడే. స్పెయిన్‌లోని విసిగోతులు 589లో గాని దాన్ని విడవలేదు. క్రీస్తు దేవుడైతే ఆయనలో మానవత్వం ఎలా ఇమిడిందన్న తర్వాతి ప్రశ్న 431లో ఎఫెసు, 451లో కాల్సిడాన్ సభలకు దారితీసి, కోప్తు, అర్మేనియా, సిరియా సంఘాలను వేరు చేసింది. ఆత్మ కుమారుని నుంచి కూడా బయలుదేరుతాడన్న మాటను పశ్చిమ సంఘం ప్రమాణంలో చేర్చడం తూర్పు, పశ్చిమ సంఘాల చీలికకు ఒక కారణమైంది.

తెలుగునాట కతోలిక, సీఎస్ఐ, లూథరన్ సంఘాల ఆరాధన క్రమాల్లో ఈ ప్రమాణం తెలుగులోనే ఉంది. బాప్టిస్టు సంఘాల్లో దీన్ని వల్లించే ఆచారం సాధారణంగా లేదు, అయినా క్రీస్తు దైవత్వం గురించి అవి బోధించేది నైసియా చెప్పినదే.