ఇప్పపువ్వు నుంచి ఈ20 దాకా

హైదరాబాద్‌లో బండ్లకు సారా పోసి నడపాలన్న ఆలోచన హైటెక్ సిటీ కన్నా ఎనభై ఏళ్లు పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, పెరిగిపోతున్న మోటారు కార్లకు పెట్రోల్ ఎక్కడ చాలకుండా పోతుందోనని బ్రిటిష్ వాళ్లు ఆల్కహాల్ వైపు చూశారు. ఆ వెతుకులాటలో నిజాం రాజ్యంలోని ఇప్పచెట్లు లెక్కకొచ్చాయి. టన్ను ఎండు ఇప్పపువ్వు నుంచి 95 శాతం గాఢత గల ఆల్కహాల్ 90 గ్యాలన్లు, అంటే 400 లీటర్ల పైచిలుకు, దిగుతుందని తేల్చారు. జనం తాగే సారాకు పోను, రాజ్యంలోని చెట్ల నుంచి ఏటా ఇంకో 7 లక్షల గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిట్ తీయవచ్చని ఆనాటి అంచనా.

లెక్క బాగానే ఉంది గానీ, అడవిలో రాలిన పువ్వును ఏరి, ఎండబెట్టి, బట్టీకి చేర్చి, దాంతో నగరంలో కార్లు నడపడం పరిశ్రమగా నిలదొక్కుకోలేదు. పైగా ఆబ్కారీ నిజాం ఖజానాకు పెద్ద ఆదాయ వనరు. సర్కారుకు ఇంజిన్ మీద కన్నా గొంతు మీదే రాబడి ఎక్కువ.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి ముడిసరుకు మారింది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకం దక్కడంతో దేశమంతటా మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. నిజాం రాజ్యంలో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒక దశలో ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడ్డ ఫ్యాక్టరీ అది. చక్కెర తీశాక మిగిలే నల్లటి, జిగట మడ్డి మొలాసిస్. దాన్ని పారబోస్తే కంపు, కాలవలో వదిలితే చేపలు చచ్చేవి. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. దాన్ని పులియబెట్టి ఆల్కహాల్ తీసి పెట్రోల్‌లో కలిపితే ఎలా ఉంటుందని 1938లో యునైటెడ్ ప్రావిన్సెస్, బిహార్ ప్రభుత్వాలు కలిసి కమిటీ వేశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు రేషన్ పెట్టి, బస్సుల వెనక బొగ్గు గ్యాస్ డబ్బాలు కట్టుకుని తిరిగిన రోజుల్లో ఆ ఆలోచనకు బలం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. ఇంధనంగా వాడే ఆల్కహాల్‌కు పవర్ ఆల్కహాల్ అని పేరు.

ఆ తర్వాత చవక చమురు వచ్చింది. మొలాసిస్‌కు మందు, రసాయన పరిశ్రమల్లో మంచి గిరాకీ పుట్టింది. పవర్ ఆల్కహాల్ కాగితాలకే పరిమితమైంది. ఎవరూ పట్టించుకోని ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. విచిత్రం ఏమిటంటే, పాత చట్టాన్ని పారేసిన మరుసటి ఏడాదే, 2001లో, పెట్రోల్‌లో అదే ఆల్కహాల్‌ను, అంటే ఇథనాల్‌ను, కలిపే ప్రయోగాలను కేంద్రం మళ్లీ మొదలుపెట్టింది.

అప్పటికి మాదాపూర్ రాళ్ల మధ్య కొత్త నగరం లేచింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనం చుట్టూ మొదట్లో బస్సులు తక్కువ, మెట్రో ఊసే లేదు. ఉద్యోగం వచ్చిన కుర్రాడు మొదటి జీతంతో బైకు, పెళ్లయ్యాక కారు కొనుక్కోవడం ఇక్కడి ఆనవాయితీ అయింది. 2003 జనవరి నుంచి 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో 5 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మాలని కేంద్రం ఆదేశించింది. ఆ తొమ్మిదింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ఐటీ కారిడార్ వాహనం దాదాపు పుట్టుక నుంచే మిశ్రమ పెట్రోల్ జాబితాలో ఉంది. వాహనదారులు మాత్రం గమనించనే లేదు. గమనించేంత కలవనూ లేదు. వర్షాలు తగ్గి చెరకు దెబ్బతినడంతో ఆ పథకం కొద్ది కాలానికే నీరసించింది. పదేళ్ల తర్వాత, 2013-14లో కూడా, దేశం మొత్తం మీద కలిసింది 38 కోట్ల లీటర్లు, శాతంలో చెప్పాలంటే 1.53.

2014 చివర్లో ప్రభుత్వమే ఇథనాల్‌కు ధర కట్టి కొనడం మొదలుపెట్టాక కథ మలుపు తిరిగింది. 2018 జీవ ఇంధన విధానం పాడైన ధాన్యాన్నీ, చెరకు రసాన్నీ బట్టీలోకి రానిచ్చింది. 10 శాతం లక్ష్యం గడువుకు అయిదు నెలల ముందే, 2022 జూన్‌లో, పూర్తయింది. 2030 నాటికి అనుకున్న 20 శాతాన్ని 2025కు జరిపారు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్‌ను ప్రధాని మోదీ విడుదల చేశారు. 2023-24లో కలిపిన ఇథనాల్ 707 కోట్ల లీటర్లు. 2025లో 20 శాతం మార్కును చేరింది.

అప్పుడు మొదలైంది గొడవ. గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ గ్యారేజీల్లో రెండు మాటలు ఎక్కువ వినిపించాయి: మైలేజీ పడిపోయింది, పికప్ తగ్గింది.

మొదటి మాటలో నిజముంది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21 చిల్లరే. అయిదో వంతు ఇథనాల్ కలిపితే లీటరు మిశ్రమంలో శక్తి దాదాపు 7 శాతం తగ్గాలి. ఇది రసాయన శాస్త్రం, దీన్ని ఏ ప్రకటనా మార్చలేదు. అయితే ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, 108 పైన. ఇంజిన్‌ను దానికి తగ్గట్టు కంప్రెషన్ పెంచి, స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపి తయారుచేస్తే పోయినదాంట్లో కొంత తిరిగి రాబట్టవచ్చు. పాత ఇంజిన్‌కు ఆ అవకాశం లేదు. నీతి ఆయోగ్ 2021లో వేసిన ప్రణాళికలోనే ఈ లెక్క ఉంది: ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై, ఈ10కు ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం, ఈ10కు తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1-2 శాతం తగ్గుదల. ప్రభుత్వం దాచిందన్న ఆరోపణ పూర్తిగా నిజం కాదు. రాసి పెట్టింది, బంకులో చెప్పలేదు.

జేబు లెక్క చూద్దాం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పాత కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, 6 శాతం తగ్గుదలకు నాలుగు లీటర్ల పైన అదనం. 2025లో హైదరాబాద్ ధరకు, అంటే లీటరు 107 రూపాయలకు, సుమారు 450 రూపాయలు. ఐటీ ఉద్యోగికి అది ఒక సాయంత్రం కాఫీ, సమోసాల ఖర్చు. అదే కారిడార్‌లో ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడి సంగతి వేరు. లీటరుకు 50 ఇచ్చే బండి మీద రోజుకు 120 కిలోమీటర్లు తిరిగితే, 3 శాతానికి రోజుకు 8 రూపాయలు, నెలకు రెండు వందల పైన. ఆర్డర్‌కు ఇన్ని రూపాయలని లెక్కపెట్టుకునేవాడికి అది తెలిసొచ్చే మొత్తం. 2024 జనవరిలో ట్యాంకర్ డ్రైవర్ల ఆందోళనతో బంకుల ముందు బారులు తీరినప్పుడు ఓ డెలివరీ యువకుడు గుర్రమెక్కి వెళ్లిన వీడియో దేశమంతా చూసింది. పెట్రోల్ మీద ఈ ఊరు ఎంత ఆధారపడిందో దానికన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

కానీ మైలేజీ పడిపోయిందన్న ప్రతి ఫిర్యాదూ ఇథనాల్ ఖాతాలో వేయడానికి లేదు. రాయదుర్గం నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వాన పడ్డ సాయంత్రం ఏసీ వేసుకుని పాకే కారు, ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో పరిగెత్తే కారు ఒక్కటే అయినా వాటి మైలేజీకి పొంతన ఉండదు. ఆ తేడా ముందు ఇథనాల్ వల్ల వచ్చే తగ్గుదల కనపడదు. డాష్‌బోర్డు అంకె చూసి తేల్చేసేవాళ్లు ఎక్కువ. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి, మధ్యలో తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తేనే లెక్క. అదీ ఒకటి రెండు సార్లు కాదు, కొన్ని నెలలు.

ఇంజిన్ సంగతి ఇంకా ఆసక్తికరం. పెట్రోల్ పూర్తిగా కాలడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. అంటే అదే గాలికి ఈ20 కొంచెం ఎక్కువ పోయాలి. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను పసిగట్టి, ఇంజెక్టర్‌ను రెప్పపాటు ఎక్కువసేపు తెరిపిస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతో అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 ఉద్గార ప్రమాణాలు రాకముందు కొన్న బైకుల్లో అధికభాగం కార్బురేటర్‌వే. వాటిలో మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది, రేజ్ ఇస్తే తడబడుతుంది. ఆ పికప్ ఫిర్యాదు మూలం ఇదే.

ఇక విప్పి చూస్తే కనపడేవి: ఉబ్బి మెత్తబడిన రబ్బరు పైపు, గట్టిపడ్డ ఓ-రింగు, కార్బురేటర్ గిన్నె అడుగున తెల్లటి పొడి. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. అలాగే మంచి ద్రావకం కాబట్టి పాత ట్యాంకు గోడల మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. నెలల తరబడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబెట్టేసిన బండికి ఇబ్బంది ఎక్కువ, రోజూ తిరిగేదానికి తక్కువ. 2014-15లో వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ, ఇండియన్ ఆయిల్ కలిసి చేసిన పరీక్షల్లో కూడా లోహాలు తట్టుకున్నాయి, కొన్ని రబ్బరు భాగాలే బలహీనపడ్డాయి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన వాహనాల్లో ఆ భాగాలను మార్చారు. పాతవాటికి మెకానిక్ చేసే పని చిన్నదే: పైపులు, సీళ్లు, ఫిల్టర్ మార్చడం, కార్బురేటర్ కడిగి ట్యూన్ చేయడం. ఇంజిన్ బోరుకొస్తుందన్న భయం అతి.

నగరంలో ఇది మైలేజీ గొడవ. పల్లెలో నీళ్ల గొడవ. ఇథనాల్ ఇప్పుడు మొలాసిస్ నుంచే కాదు, మొక్కజొన్న, నూకలు, బియ్యం నుంచి కూడా వస్తోంది. వరి విస్తారంగా పండే తెలంగాణకు డిస్టిలరీలు రావడానికి కారణం అదే. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025లో నీళ్లు పాడవుతాయన్న భయంతో జనం వాటికి అడ్డం నిలిచారు. దిలావర్‌పూర్‌లో గ్రామస్థులు జాతీయ రహదారి మీద బైఠాయించాక, 2024 నవంబరులో పనులు ఆపాలని కలెక్టర్ ఆదేశించారు. ఒకప్పుడు ఇప్పపువ్వు ఏరిన అడవులు ఆ చుట్టుపక్కలవే. అక్కడికి నైరుతిన బోధన్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది.

ఇక మన వాహనదారుడికి లేనిది ఎంపిక. బ్రెజిల్ 1975లోనే ఇథనాల్ పథకం మొదలుపెట్టి, 2003 నుంచి ఏ మిశ్రమానికైనా నడిచే ఫ్లెక్స్ కార్లు తెచ్చింది. అక్కడి డ్రైవర్ బంకులో రెండు ధరలు చూసి, ఇథనాల్ ధర పెట్రోల్‌లో 70 శాతం లోపుంటేనే దాన్ని కొట్టిస్తాడు. అంటే శక్తి తగ్గినంత ధరా తగ్గాలి. మన దగ్గర మొక్కజొన్న ఇథనాల్‌ను 2024-25లో కంపెనీలు లీటరు 71.86 రూపాయలకు కొన్నాయి. రవాణా, పన్నులు కలిశాక అది చవక సరుకేమీ కాదు కనుక పంపు దగ్గర తగ్గింపు రాలేదు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. తెలంగాణ మాత్రం ఇంకో తలుపు తెరిచింది. 2024 నవంబరులో తెచ్చిన విధానంతో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కారిడార్‌లోని డెలివరీ కుర్రాళ్లలో కొందరు అప్పటికే అద్దె బ్యాటరీ స్కూటర్లకు మారిపోయారు.