గల్లాపెట్టెలో రూపాయి, ఠాణాలో రిజిస్టరు

హైదరాబాద్‌లో కొత్త దుకాణం తెరిస్తే హిజ్రాలు చప్పట్లు చరుస్తూ వస్తారు. యజమాని గొణుక్కుంటూ, బేరమాడుతూ చివరికి నోటు తీస్తాడు. వాళ్లు దీవించి తిరిగిచ్చిన రూపాయి బిళ్లను మాత్రం కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో దాచుకుంటాడు. అదే మనిషిని వాళ్ల కోసం ఇల్లు అద్దెకు అడిగి చూడండి. 'పిల్లలున్న ఇల్లండీ' అంటాడు.

ఈ పిల్లల భయం పాతదే. హిజ్రాల పక్షాన మాట్లాడేవారు వెంటనే విరాటపర్వంలో రాజు కూతురికి నాట్యం నేర్పిన బృహన్నలను తెస్తారు. ఆ సాక్ష్యం నాకంత గట్టిగా అనిపించదు. అర్జునుడిది శాపవశాన వచ్చిన రూపం, అదీ ఏడాది గడువుకు. అసలు కథ పోలీసు రిజిస్టర్లలో ఉంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టంలోనే హిజ్రాల నమోదుకు ఒక భాగం కేటాయించింది. నిజాం రాజ్యం 1329 ఫస్లీలో, అంటే 1919లో, అదే దారి పట్టింది. మగపిల్లలను ఎత్తుకుపోతారనో, నపుంసకులుగా మారుస్తారనో అనుమానం వస్తే చాలు, పేరు రిజిస్టరుకెక్కేది. ఆ తర్వాత చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనబడినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు. రెండేళ్ల దాకా జైలు. పిల్లల కోసం భయపడటం తప్పని ఎవరూ అనరు. కానీ ఆ భయం గాజులకు, చీరకు శిక్ష వేసింది. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఆయన చట్టం మాత్రం కదల్లేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

అప్పటికే వాదన వేరే చోటికి పోయింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చని, అందుకు ఆపరేషన్ అక్కర్లేదని తేల్చింది. 2019 చట్టమేమో కలెక్టరు సర్టిఫికెట్ కావాలంది. పథకం ఇవ్వాలంటే కాగితం ఉండాలన్నది సర్కారు మాట. అదీ కొట్టిపారేసేది కాదు. అయితే తాను మగవాడినని ఏ మగవాడూ కలెక్టరు దగ్గర రాయించుకోడే! అదే చట్టంలో ట్రాన్స్‌జెండర్లపై లైంగిక దాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు; స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. ఇక్కడ సర్కారు వైపు చెప్పుకోదగ్గ వాదన నాకు కనబడలేదు.

సముదాయం లోపలా ఏకాభిప్రాయం లేదు. వెనుకబడిన తరగతిగా రిజర్వేషన్ ఇమ్మని 2014 తీర్పు చెబితే, దళిత ట్రాన్స్‌జెండర్లు అభ్యంతరం చెప్పారు. మా కులం కోటా మాకుండగా అందులోనే వాటా ఇవ్వండి అన్నారు. 2021లో కర్ణాటక అన్ని వర్గాల కోటాల్లోనూ ఒక శాతం కేటాయించింది.

2024 డిసెంబరులో గోషామహల్ పోలీసు మైదానంలో పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టి, 39 మంది ట్రాన్స్‌జెండర్లను, ఒకప్పుడు ఆ రిజిస్టరు రాసిన హైదరాబాద్ పోలీసులే ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియమించుకున్నారు.